వీపులు ఆనిన గోడ

ఒకరోజు పొద్దున పదిన్నరకు పేపర్లు చదివే బల్ల మీద పైకప్పు నుంచి సున్నపు పెళ్ళ ఊడి పడింది. బల్ల దగ్గర ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, ఆ ముగ్గురూ మళ్ళీ లైబ్రరీకి రాలేదు.

నేను ఆ ఊళ్ళో శాఖా గ్రంథాలయం నడిపేదాన్ని. ఊరు మిర్యాలగూడకూ మఠంపల్లికీ నడుమ ఉంటుంది. మిర్యాలగూడ నుంచి రోజూ బస్సులో వచ్చి, సాయంత్రం బస్సులోనే పోయేదాన్ని. లైబ్రరీ ఉన్నది పాత గడి ముందు చావడిలో. గడి అంటే దొరల కోట లాంటి ఇల్లు. దొరలు తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో ఊరు విడిచి హైదరాబాద్ పోయారు. తర్వాత ఆ గడిలో కొన్నాళ్ళు పంచాయతీ ఆఫీసు నడిచింది, కొన్నాళ్ళు ఎరువుల బస్తాలు పెట్టారు, చివరికి లైబ్రరీ వచ్చింది. వెనక గదులు మూసే ఉండేవి. కాగితాల మీద మాత్రం గడి ఇప్పటికీ దొర వారసులదే.

పెళ్ళ ఊడిన వారానికి ఒక ఇంజనీరు వచ్చి, గోడలు తట్టి చూసి, తలుపు మీద ఎర్ర అక్షరాల కాగితం అంటించిపోయాడు. భవనం ప్రమాదకరం, కూల్చివేయాలని. అదే జరిగితే లైబ్రరీ ఉండదు. నా ఉద్యోగం ఎక్కడికో పోతుంది. మొదట నేను కదిలింది దానికోసమే. పాత కట్టడాల మీద ప్రేమతో కాదు.

సూర్యాపేటకు పోయి అక్కడి పురావస్తు శాఖ అధికారిని కలిశాను. ఆయనకు ఇలాంటి కట్టడాలంటే ఇష్టం. ఫోన్‌లో నేను తీసిన ఫోటోలు చాలాసేపు చూశాడు.

"గోడలు గట్టిగనే ఉన్నయమ్మా. పైకప్పే పోయింది. బాగు చేయించొచ్చు. కానీ ఊరు మొత్తం అడగాలె. రెండు ఇండ్లోల్లు, నాలుగు ఇండ్లోల్లు అడిగితే కుదరదు. అన్ని వాడల మనుషులతోని ఒక కమిటీ ఉండాలె. ఆఖరికి వారసుల సంతకం కూడ కావాలె. అది నేను మాట్లాడుత."

ఊళ్ళో మీటింగ్ పెట్టాం. సర్పంచి డప్పు చాటింపు వేయించాడు. గడి ముందు కుర్చీలు వేశాం. ముప్పై మంది దాకా వచ్చారు. క్రైస్తవుల వాడ నుంచి కూడా జనం వచ్చారు గానీ, రోడ్డుకు అవతలే ఆగిపోయారు. రమ్మని నేను రెండుసార్లు పిలిచాను. నవ్వారే తప్ప కదల్లేదు. కమిటీకి కార్యదర్శి ఎవరంటే, తలుపు తాళం ఎవరి దగ్గరుందో వాళ్ళే అన్నారు. అట్లా ఆ పని నా నెత్తిన పడింది.

గొల్లోళ్ళను ఒప్పించడం తేలికే అయింది. మాదీ గొల్ల కుటుంబమే, హాలియా దగ్గర. వాళ్ళ పెద్దమనిషి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే అడిగాడు.

"బిడ్డా, వానకాలం మా జీవాలు గడి ఎనక పెరట్ల నిలవడ్తయ్. మా తాతల కాలంల దసరా పండుగకు గదే పెరట్ల దొరకు ఊకనే పొట్టేళ్ళు కట్టేసి వచ్చేటోళ్ళం. ఇప్పుడు ఆ నీడ మాది. బాగు చేసినంక గేటు పెట్టి ఆపొద్దు. గంతే."

"ఆపరు పెద్దయ్యా, నేను చూసుకుంట" అన్నాను. ఆ మాట చాలా సులువుగా అనేశాను.

క్రైస్తవుల వాడకు నాలుగుసార్లు పోయాను. వాళ్ళలో ఎక్కువ మంది కూలికి పోతారు, కొందరు దామరచర్ల వైపు కట్టుబడి పనులకు పోతారు, ఇద్దరు టీచర్లున్నారు. ఎవరిని అడిగినా ఒక ముసలమ్మ ఇల్లు చూపించేవాళ్ళు. "ఆ అవ్వ ఊ అంటే మేమందరం అన్నట్టే."

అవ్వకు ఎనభై దాటాయి. చూపు మసక. చర్చి పక్క సందులో రేకుల ఇంట్లో కొడుకూ కోడలితో ఉండేది. గుమ్మంలో కూర్చుని నేను చెప్పిందంతా విన్నది. పాత కట్టడం, ఊరికి పేరు, పిల్లలకు పుస్తకాలు, అన్నీ చెప్పాను.

"అయిపోయిందా బిడ్డా?"

"అయిపోయింది అవ్వా."

"కూలనీ."

"ఎందుకవ్వా?" అన్నాను.

"అది కూలుతుంటె సూద్దామనే నేను ఇన్నేండ్లు బతికిన. నువ్వొచ్చి నిలవెడ్తనంటవ్. మా సంతకాలు గావాల్నంటవ్." కోపంగా కూడా అనలేదు. కోడలిని పిలిచి నాకు చాయ్ పెట్టించింది.

మరుసటి వారం ఒక మధ్యాహ్నం అవ్వే గడికి వచ్చింది. కోడలు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. చావడి గుమ్మం దగ్గర కాసేపు ఆగి, చెప్పులు విప్పబోయింది. విప్పకుండానే లోపలికి వచ్చింది.

"ఎనక అర్ర తెరుస్తవా?"

నేను అక్కడ పనిచేస్తున్న పదకొండేళ్ళలో ఆ గది తెరవలేదు. తాళం తుప్పు పట్టింది. రాయితో కొట్టి తీశాం. చిన్న గది. కిటికీ లేదు. పైన ఒక గూడు లాంటి సందు నుంచి కాస్త వెలుతురు వస్తోంది. కిందుగా గోడకు ఇనుప కడియం. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక ఆ గోడ చూశాను. మిగతా మూడు గోడలూ తెల్లగా, పెచ్చులూడి ఉన్నాయి. ఈ గోడ మాత్రం మనిషి కూర్చుంటే వీపూ తలా ఆనే ఎత్తున, ఈ కొస నుంచి ఆ కొస దాకా నల్లబడి ఉంది. చెయ్యి పెట్టి చూస్తే నున్నగా తగిలింది.

అవ్వ తడుముకుంటూ పోయి ఆ గోడ దగ్గర కూలబడింది.

"గీడ. మా అయ్య గీడ కూసునేటోడు" అంది. "దొర చేనుకన్న ముందు మా చెలక దున్నిండు. తొలకరి పోతదని. అది తప్పు. పదకొండు రోజులు గీ అర్రల వెట్టిన్రు. నేను చిన్నపోరిని, రోజు గట్క తెచ్చేదాన్ని. ఆ తలుపు జర తీసి గిన్నె లోపటికి నెట్టుమనేటోళ్ళు. అయ్య గోడకు ఆనుకోని నా దిక్కు సూసేటోడు. లేవడు. లెవ్వు అయ్యా అంటె లేవడు. లేవచేతగాక లేవలేదని నాకేం తెలుసు? ఇంటికొచ్చినంక ఆయన ఎన్నడు సక్కగ నిలబడలె. నడుము వంగే ఉండె, పోయేదాక."

కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈ సంగతి ఆమెకూ తెలియదని ఆమె మొహం చూస్తే తెలిసింది.

"మా అయ్య ఒక్కడే కాదు బిడ్డా. ఎంతమంది ఆనుకుంటె గోడ గిట్లయితది? మా వాడోల్లే గాదు, గొల్లోల్లు, చాకలోల్లు, అందరు. వాళ్ళ ఫోటోలు లేవు, సమాధులు లేవు. గిదొక్కటే ఉన్నది."

నేను ఆమెను లేవదీయబోతే వద్దంది. కాసేపటికి తనే అడిగింది.

"గడి నిలబెట్టుకోరి. మేం సంతకాలు వెడ్తం. కానీ గీ గోడ గిట్లనే ఉండాలె. సున్నం వెయ్యొద్దు. పిల్లలు వచ్చి సూడాలె. మాటిస్తవా?"

ఇచ్చాను. ఆమె చేతిలో చెయ్యి వేసి ఇచ్చాను.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు బల్ల వేసి వాడ వాడంతా సంతకాలు పెట్టారు. రాయడం రానివాళ్ళు వేలిముద్ర వేశారు.

పని మొదలైంది. కోదాడ నుంచి ఒక మేస్త్రిని తెచ్చాం. అరవై ఏళ్ళ మనిషి, పాత గుడులకూ మసీదులకూ పనిచేసినవాడు. సిమెంటు ముట్టనిచ్చేవాడు కాదు. "రాతి గోడకి సిమెంటు పూస్తే లోపల చెమ్మ ఇంకి చచ్చిపోద్దండి. దీనికి డంగు సున్నమే కావాలి" అనేవాడు. గడి వెనక రాతి గానుగ బయటపడితే దాన్నే శుభ్రం చేయించి, సున్నం, ఇసుక అందులో పోసి ఎద్దులతో తిప్పించాడు. కరక్కాయలూ బెల్లమూ నానబెట్టిన నీళ్ళు పోస్తుంటే పెరడంతా ఒక పులిసిన తీపి వాసన పట్టేది. గొల్లోళ్ళు ఎద్దులిచ్చారు. వాడ ఆడవాళ్ళు సున్నం మోశారు. గానుగ దగ్గర వాళ్ళూ వీళ్ళూ ఒకే బిందె నీళ్ళు తాగడం ఆ ఊళ్ళో నేను అప్పుడే చూశాను. అవ్వ రోజూ వచ్చి వేపచెట్టు కింద కూర్చునేది. మేస్త్రి ఆమెను "మామ్మగారూ" అని పిలిచి, కలిపిన సున్నం ఆమె అరచేతిలో పెట్టి, మెత్తగా ఉందా అని అడిగేవాడు. ఆ నెలన్నర నేను నా ఉద్యోగం సంగతి మరిచిపోయాను. ఈ పని నాకు ఇష్టమైంది.

పైకప్పు పూర్తయ్యే సమయంలో అవ్వను కొడుకు కోదాడ తీసుకుపోయాడు, కళ్ళ ఆపరేషన్‌కు. అక్కడ ఆమె బిడ్డ ఉంటుంది. పోయేముందు అవ్వ నాతో అంది, "మసకలనే సూసిన ఇన్నొద్దులు. కండ్లు బాగైనంక వచ్చి మా అయ్య జాగ మంచిగ సూస్త."

అవ్వ పోయిన మూడో రోజు వారసుడు వచ్చాడు. పాత దొరకు మనుమడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. మేస్త్రిని మెచ్చుకున్నాడు, పనివాళ్ళకు నమస్కారం పెట్టాడు. చావడి చూసి కళ్ళు తుడుచుకున్నాడు. అది నటన అని నేను అనుకోవడం లేదు. తర్వాత వెనక గది చూశాడు.

చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక నెమ్మదిగా అడిగాడు. "ఇక్కడ ఏదో బోర్డు పెడతారట, నిజమేనా మేడం?"

"జరిగింది రాసి పెడదామని అనుకున్నం సార్."

"ఏం జరిగింది? ఎవరు చూశారు? అది గింజల కొట్టు. మా నాయనమ్మ చెప్పేది. మా పిల్లలు వస్తారు రేపు. వాళ్ళకు మా తాతగారి ఇల్లు చూపించాలా, జైలు చూపించాలా? మిగతా గదులన్నిటికీ సున్నం వేశారు కదా. దీనికీ వేయండి. కడియం తీసేయండి. సంతకం పెట్టి ఇస్తాను." అంతే అని కారెక్కాడు.

సూర్యాపేట అధికారికి ఫోన్ చేశాను. ఆయన గొంతులో బాధ ఉంది. ఆ సంగతి కూడా చెప్పాలి.

"ఆయన సంతకం లేకుంటె పని గీడికే ఆగిపోతదమ్మా. పూర్తిగాని పైకప్పుతోని వానలొస్తె మొత్తం కూలిపోతది. ఒక్క గోడ కోసం గడంత పోగొట్టుకుంటమా? సున్నమే గద. రేపెప్పుడన్న గీకి తియ్యొచ్చు."

ఆ చివరి మాట పట్టుకున్నాను. గీకి తియ్యొచ్చు. రెండు రోజులు ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను. అవ్వకు ఫోన్ చేయొచ్చు, ఆమె బిడ్డ నెంబరు నా దగ్గర ఉంది. చేయలేదు. కళ్ళకు కట్టు కట్టి ఉంటారు, ఏడిస్తే మంచిది కాదని సాకు వెతుక్కున్నాను. వాడ పెద్దలను పిలిచి అడగొచ్చు. అడగలేదు. అడిగితే వద్దంటారని నాకు తెలుసు.

మూడో రోజు పొద్దున మేస్త్రికి చెప్పాను. ఆయన తాపీ కడుగుతున్నవాడు ఆగాడు.

"ఆ గోడక్కూడానా? మామ్మగారు వద్దన్నారు కదండి?"

"ఇప్పుడు సరేనంది."

"మీరు చెప్పారా ఆవిడకి?"

"చెప్పిన."

ఆయన నా మొహం వైపు ఒకసారి చూసి, తాపీ తీసుకుని లోపలికి పోయాడు. కాసేపటికి సుత్తి చప్పుడు మొదలైంది. నేను చావడిలో బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన పుస్తకాలకు నెంబర్లు రాస్తూ ఆ చప్పుడు విన్నాను. సున్నం పూయడానికి సుత్తి ఎందుకని ఆ పూట నాకు తోచనే లేదు.

పది రోజులకు అవ్వ తిరిగొచ్చింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, తనే నడిచి వచ్చింది. మొహంలో చిన్నపిల్లల సంబరం. "నీ మొగం గిట్లుంటదా బిడ్డా!" అని నా చెంప నిమిరింది. నేను ఏదో ఒకటి చెప్పి ఆపాలనుకున్నాను. ఆలోపే ఆమె వెనక గదికి పోయింది.

నేను గుమ్మం దాకా పోయి ఆగాను. ఆమె నల్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. నాలుగు గోడలూ తెల్లగా ఉన్నాయి. ఒక గోడ దగ్గర చెయ్యి పెట్టి చూసింది. ఇంకో గోడ దగ్గరకు పోయింది. కొత్త కళ్ళు కదా, తనే పొరపాటు పడుతున్నానేమో అనుకున్నట్టుంది. మూడో గోడ కూడా తడిమింది. కడియం ఉన్న చోట వేలు పెట్టింది. అక్కడ సున్నం ఇంకా కొంచెం పచ్చిగానే ఉంది.

"ఇదేనా?" అంది.

"అవ్వా..."

"ఇదేనా అని అడుగుతున్న."

"ఇదే."

ఆమె తిట్టలేదు. ఏడవలేదు. వేలికి అంటిన సున్నం కొంగుతో తుడుచుకుని, నన్ను దాటుకుంటూ బయటికి పోయింది. గానుగ దగ్గర వాడ ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఆమె వాళ్ళతో ఒక్క మాట కూడా చెప్పినట్టు లేదు. కానీ ఆమె రోడ్డు దాటాక, వాళ్ళు ఒక్కొక్కరే గంపలు దించి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. మరునాడు ఎవరూ రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

మేస్త్రి నా దగ్గరకు వచ్చాడు. "మీరు చెప్పలేదు ఆవిడకి" అన్నాడు. అడగలేదు, అన్నాడు.

"గీకి తియ్యండి" అన్నాను. "వారసుడు సంతకం పెట్టిండు. ఇప్పుడు గీకి తియ్యండి, నేను మాట్లాడుకుంట."

"ఏం గీకమంటారండి? నున్నటి గోడకి కొత్త సున్నం పట్టదు. పాత గచ్చుకి సుత్తితో గాట్లు పెట్టి, దుమ్ము దులిపి, తడిపి పూయాలి. గోడంతా గాట్లు పెట్టాను నేను. ఆ నలుపు ఆ రోజే రాలిపోయింది. తట్టలకెత్తి బయట పోశాం." తన అరచేతులు చూసుకున్నాడు. "నలభై ఏళ్ళుగా పాతవి నిలబెట్టే పని చేస్తున్నానండి. ఈ ఒక్కటి నా చేత్తో చెరిపించారు."

ఒప్పుకున్న పని పూర్తి చేసి వెళ్ళాడు గానీ, అటు తర్వాత నాతో పనికి మించి మాట్లాడలేదు.

గడి బాగా వచ్చింది. ఎవరు చూసినా అదే మాట అంటారు. ప్రారంభోత్సవానికి సూర్యాపేట నుంచి పెద్దవాళ్ళు వచ్చారు. వారసుడు కుటుంబంతో వచ్చి, ఈ ఊరి కులాలన్నీ చేతులు కలిపి మా తాతగారి ఇల్లు నిలబెట్టాయని మైకులో చెప్పాడు. వేదిక మీద నన్ను పిలిచి శాలువా కప్పారు. వాడ నుంచి ఒక్క మనిషి లేడు. వెనక గది మీద 'ధాన్యాగారం' అని పలక పెట్టారు. వానలు మొదలయ్యే లోపే పెరటికి ఇనుప గేటు వచ్చింది, గోడలు పాడవుతాయని. గొల్లోళ్ళ పెద్దమనిషి తడిసిన గొర్రెల్ని రోడ్డు మీద నిలబెట్టుకుని గేటు బయటి నుంచి నన్ను పిలిచాడు.

"సూసుకుంటనంటివి గద బిడ్డా."

గేటు తాళం నా దగ్గర లేదని చెప్పాను. నిజమే. కానీ ఆయన అడిగింది తాళం గురించి కాదు.

ఒక రోజు అవ్వ చెప్పిన సంగతంతా తెల్ల కాగితం మీద రాసి ఆ గది తలుపుకు అంటించాను. రెండు రోజులున్నది. ఎవరు చింపారో తెలియదు. మళ్ళీ రాసి అంటించాను. ఈసారి పైఆఫీసు నుంచి మెమో వచ్చింది, అనుమతి లేకుండా గ్రంథాలయ భవనంలో కాగితాలు అంటించకూడదని. మూడోసారి రాయలేదు. మిర్యాలగూడకు బదిలీ కోసం అర్జీ పెట్టుకున్నాను.

బదిలీ రాకముందే అవ్వ పోయింది. ఫాల్గుణం ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. రెండు రోజులు జ్వరం, అంతే అన్నారు. నేను వాడకు పోయేసరికి చర్చిలో ప్రార్థన నడుస్తోంది. ఆఖరి వరుసలో కూర్చున్నాను. ఆమె గురించి చెప్పదలచినవాళ్ళు చెప్పమని పాస్టరు అడిగాడు. ఇద్దరు ముగ్గురు మాట్లాడాక నేను లేచాను. ముందుగా అనుకుని పోలేదు.

"ఆ గోడకు సున్నం వేయించింది నేను" అన్నాను. "మేస్త్రికి అబద్ధం చెప్పి వేయించిన. అవ్వకు మాటిచ్చి తప్పిన. మీ అందరికీ చెప్పాలె అనిపించింది."

ముందు వరుసలో ఉన్న ఒకాయన వెనక్కి తిరిగి, "తెలుసు మేడం. మేస్త్రి ఆనాడే చెప్పిండు. కూసోరి" అన్నాడు. పాస్టరు పాట ఎత్తుకున్నాడు.

సమాధి దగ్గర నన్నూ మన్ను వేయనిచ్చారు. తిరిగొచ్చాక ఇంటి ముందు టెంటు కింద అందరితోపాటు నాకూ విస్తరి వేశారు. కోడలు తనే వచ్చి అన్నం వడ్డించింది.

"మీ అత్త నన్ను ఏమన్నా అన్నదా?" అని అడిగాను. తిట్టిందనే చెప్పాలని కోరుకున్నాను.

కోడలు పప్పు గిన్నె అందుకుంది.

"లేదు మేడం. ఆ దినం నుంచి నీ ముచ్చటే ఎత్తలె" అంది. "మేం ఎత్తినా లేచి లోపటికి పోయేది."

పప్పు వేసి పక్క విస్తరికి పోయింది. నేను తలవంచుకుని అన్నం కలుపుకున్నాను. నాలుగు గంటలకు మిర్యాలగూడ బస్సు ఉంది. దానికి వెళ్ళిపోయాను.